ఎవలికి ఏ పాట

ఎనుమాముల మార్కెట్ గేటుకు ఎదురుంగ
కాంటా చిట్టీలు రాసే గుమ్టీ పక్కన
నాది ఆరడుగుల దుకాణం.
ఒక కంప్యూటర్, ఒక కార్డు రీడర్,
మిర్చి ఘాటుకు ఏడాదంతా తుమ్మే నేను.
నాలుగు జీబీ నింపితే ముప్పై రూపాలు.

వచ్చినోణ్ని పాట పేరు అడగ.
ఎటు పోతానవు, ఎవలతోటి, ఏ యాళ్లకు?
గంతే.
పేరు తెలిసినోడు నా దగ్గరికెందుకొస్తడు?

లారీ మొగిలి నాగపూర్ తొవ్వ పడతడు.
నిద్ర ఆపే పాటలు కావాలన్నడు,
డప్పు జోరుగున్నయి.
వద్దన్న. డప్పు గంటసేపు కండ్లు తెరిపిస్తది,
ఆ తర్వాత అదే జోల.
నీకు సగమే తెలిసిన పాటలు పెడత,
రెండో చరణం యాదికి రాక
తండ్లాడుకుంట తెల్లారేదాక పోతవు.
నెలనెలా వస్తడు. అంటే బతికే ఉన్నడు.

పత్తి ఏరే సాంబలక్ష్మి గుంపుకు
పొద్దుగాల తిట్ల పాటలు:
అత్తను, ఆడిబిడ్డను, పైసలు కోసే మేస్త్రీని.
మాపటీలి నడుము పట్టే యాళ్లకు మాత్రం
పరకాల కనకవ్వ గొంతు, నిమ్మళంగ.
చేతికి ఊపిచ్చేది, నోటికి పని చెప్పనిది.

పెండ్లి బరాత్‌కు ఆఖరి పాట ముందే అనుకోండ్రి.
మొదటిది ఏదైనా నడుస్తది, అప్పటికి ఎవలూ తాగి ఉండరు.
ఆఖరిది తప్పితే బావమరుదులు కొట్టుకుంటరు.

యాకూబ్ పాషా ఆటోకు రెండు స్పీకర్లు,
కాన్పుల దవాఖాన ముందర స్టాండు.
పొయ్యేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి పెట్టమన్నడు.
పొయ్యేటప్పుడు ఏం పెట్టకు భాయ్,
ఆమె మూలుగు ఆమెకు వినబడాలె.
వచ్చేటప్పుడు కూడ
ముందుగాల ఒడి చూడు,
తర్వాత బటన్ ఒత్తు.

తప్పుడు మందు ఇయ్యలేదా అంటే, ఇచ్చిన.
పాలిటెక్నిక్ పోరడు, పిల్ల కాదన్నదట.
కార్డు నిండ ఏడుపే పోసిన.
వారానికి మళ్లొచ్చిండు, ఇంకో కార్డు పట్టుకొని,
కండ్లు బావులు.
అప్పటి నుంచి మూడు ఏడుపులకు ఒక ఎకసెక్కెం,
అడగకున్నా సరే,
మధ్యల ఇరికిస్త.

ఐనవోలు లచ్చవ్వ నిరుడు ఎండకాలం వచ్చింది.
సావు ఇండ్ల కాడ రాగం తీసే మనిషి.
ఆమె గొంతు నా ఫోన్ల పట్టి
మూడేండ్ల సంది అమ్ముకుంటాన.
పైసలడుగ వచ్చిందేమోనని గుండె జల్లుమన్నది.
బటన్ల ఫోను గల్లా మీద పెట్టి
"నాకేం పాట పెడతవు బిడ్డా?" అన్నది.

అలవాటు చొప్పున అడిగిన:
ఎటు పోతానవు?
"ఎటూ పోను."
ఎవలతోటి?
"ఎవలూ లేరు."
ఏ యాళ్లకు?
"అన్ని యాళ్లకు."

మౌస్ మీద చెయ్యి కదల్లే.
సావు పాటల ఫోల్డర్ తెరిస్తే ఆమె గొంతే.
నాట్ల పాటలు తెరిస్తే ఆమె నేర్పినోళ్ల గొంతులే.
సినిమాయి రెండు వినిపిస్తే
"గింత మంది ఒక్కసారి ఎందుకు మోగుతరు?" అని మూసెయ్యమన్నది.

స్టూలు మీద కూసుంది, పొద్దు వంగేదాక.
ఎదురుంగ షెడ్డుల ముసలి హమాలీ
బస్తాలు లెక్క పెడుతాండు,
లాభం... రెండు... మూడు...
ఒకటిని ఒకటి అనరు మా దగ్గర.
రైతు మొఖం ఎట్లున్నా సరే
మొదటి బస్తా లాభమే.
లచ్చవ్వ కాలి మట్టె నేల మీద తాళమేస్తాంది.

"గిది పెట్టు."

ఫోను పట్టుకొని రోడ్డు దాటిన.
పదకొండు నిమిషాలు. నలభై మూడు బస్తాలు.
నడుమ ఒక లారీ హారను,
ఇరవై ఆరో బస్తా కాడ నా తుమ్ము.
చెరిపేస్తనంటే ఉంచుమన్నది.

ముప్పై రూపాలు లెక్కవెట్టి ఇచ్చింది.
తీసుకున్న. సిగ్గు లేక తీసుకున్న.

మొన్న వాళ్లూరి పోరడు చెప్పిండు:
రాత్రి అన్నం తిన్నంక ముసల్ది పెట్టుకుంటదట,
ఇరవై అయిదు దాక కదలకుంట ఇని,
ఆ తర్వాత నవ్వుతదట.